వాట్సాప్ గ్రూప్‌లోంచి ఎగ్జిట్ కొడితే పార్ట్‌నర్‌షిప్ అయిపోయినట్టేనా?

ఈ ఎపిసోడ్ నా బీటెక్ క్లాస్‌మేట్ పుణ్యమే. వాడూ ఇంకో ఫ్రెండూ కలిసి అమీర్‌పేటలో మొబైల్ రిపేర్ షాప్ పెట్టారు. రెండేళ్లకి గొడవలు మొదలయ్యాయి. మావాడు ఒకరోజు తాళాలు టేబుల్ మీద పడేసి, వాట్సాప్ గ్రూప్‌లోంచి ఎగ్జిట్ కొట్టి వచ్చేశాడు. అయిదు నెలలకి డిస్‌ప్లేలు సప్లై చేసే హోల్‌సేల్ ఆయన ఫోన్. "బాబూ, మీ షాప్ బాకీ లక్షా ఎనభై వేలుంది, ఎప్పుడిస్తారు?" ఆ సరుకంతా మావాడు బయటికొచ్చాక తీసుకున్నదే. "నేను అందులో లేనండీ" అన్నాడు. "మరి నాకెవరు చెప్పారు?" అన్నాడాయన.

చట్టం కూడా అదే అడుగుతుంది. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లకి ఇప్పటికీ 1932 నాటి భారత భాగస్వామ్య చట్టమే. (ఎల్‌ఎల్‌పీ కథ వేరు, ఈరోజు దాని జోలికి పోను.) దాని ప్రకారం మావాడి ఫర్మ్ అసలు ముగియనే లేదు! అందరూ ఒప్పుకుంటే డిసొల్యూషన్ డీడ్ రాసుకుని సంతకాలు పెట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే? మీ అగ్రిమెంట్‌లో ఎన్నేళ్లు నడపాలో, ఎలా ముగించాలో రాసుకోలేదనుకోండి, దాన్ని 'పార్ట్‌నర్‌షిప్ ఎట్ విల్' అంటారు. సెక్షన్ 43 కింద మీరొక్కరే ముగించొచ్చు. మిగతా పార్ట్‌నర్లందరికీ రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వాలి, అంతే. అందులో తేదీ వేస్తే ఆ తేదీ నుంచి, వేయకపోతే నోటీస్ అందినప్పటి నుంచి ఫర్మ్ రద్దు. పోస్టులో పంపండి, అందినట్టు రుజువు దాచుకోండి. గడువు రాసుకుని ఉంటే మాత్రం సెక్షన్ 44 కింద కోర్టుకెళ్లాలి, తగిన కారణం చూపించాలి.

ఇంతటితో అయిపోలేదు. సెక్షన్ 45 ఉంది. ఫర్మ్ రద్దయినా, పబ్లిక్ నోటీస్ ఇచ్చేదాకా ఒక పార్ట్‌నర్ చేసిన అప్పుకి రెండోవాడు కూడా బాధ్యుడే. సగానికి కాదు, మొత్తానికి! పబ్లిక్ నోటీస్ అంటే ఇన్‌స్టా స్టోరీ కాదండోయ్. గెజిట్‌లో రావాలి, షాపున్న జిల్లాలో నడిచే ఒక ప్రాంతీయ భాషా పేపర్‌లో రావాలి. రిజిస్టర్ అయిన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి కూడా చెప్పాలి. బ్యాంకుకి, సప్లయర్లకి విడిగా లెటర్లు పెట్టండి. జీఎస్టీ ఉంటే రద్దుకి 30 రోజుల్లోపు అప్లై చేయాలి.

ఇక లెక్కలు. తలలు పగిలేది ఇక్కడే. అన్నీ అమ్మితే 6 లక్షలొచ్చాయనుకుందాం. ముందు బయటి బాకీలు, 2.5 లక్షలు. తర్వాత పార్ట్‌నర్ పెట్టుబడి కాకుండా విడిగా ఇచ్చిన అప్పు, 1 లక్ష. మిగిలింది 2.5. పెట్టుబడి మీది 3, ఫ్రెండ్‌ది 1, మొత్తం 4 లక్షలు. అంటే లాస్ 1.5. ఇది పెట్టుబడి లెక్కన పంచుతారనుకుంటారు చాలామంది. కాదు! లాభాలు ఏ వాటాలో పంచుకుంటారో అదే వాటాలో. ఏమీ రాసుకోకపోతే సమానం. ఒక్కొక్కరికి 75 వేల లాస్: మీకు 2.25 లక్షలు, ఫ్రెండ్‌కి 25 వేలు.

అవతలివాడు లెక్క చూపించకపోతే కేసు వేయొచ్చు, ఫర్మ్ రిజిస్టర్ కాకపోయినా సరే. కానీ రద్దయిన రోజు నుంచి 3 ఏళ్లలోపే.

మావాడు ఆ హోల్‌సేల్ ఆయన్ని బతిమాలి తొంభై వేలు కట్టి బయటపడ్డాడు. తర్వాత నోటీస్ పంపాడు, తెలుగు పేపర్‌లో అగ్గిపెట్టె అంత ప్రకటన వేయించాడు. దాని ఫోటో ఇప్పటికీ వాడి వాట్సాప్ డీపీ.