రెండు నాబ్‌లు, ఒక కాలిన వేలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పని ఏమిటో అందరికీ అర్థమయ్యేలా చెప్పు" అన్నారు నిర్వాహకులు. నా పని ప్లాస్మా జెట్లతో. పదార్థానికి ఘన, ద్రవ, వాయు స్థితులు మూడని మనం ఇక్కడే బట్టీ పట్టాం. వాయువుకు ఇంకా శక్తినిస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఆ నాలుగో స్థితికి 1928లో లాంగ్‌మ్యూర్ పెట్టిన పేరే ప్లాస్మా. ఆకాశంలో మెరుపూ, ట్యూబ్‌లైటు లోపలి వెలుగూ అదే.

ట్యూబ్‌లైటులోంచి గాలిని దాదాపుగా తీసేస్తారు. మేము మామూలు వాతావరణ పీడనంలోనే ప్లాస్మా పుట్టిస్తాం. పెన్ను గొట్టమంత సన్నని క్వార్ట్జ్ గొట్టంలోకి హీలియం పంపి, దానికి చుట్టిన రాగి పట్టీలకు కొన్ని వేల వోల్టుల ఏసీ ఇస్తాం. గొట్టం మూతి నుంచి ఊదారంగు మంటలాంటిది నాలుగైదు సెంటీమీటర్లు బయటికొస్తుంది. అది మంట కాదు. సరిగ్గా నడిపితే, వేలు పెట్టినా గోరువెచ్చగానే ఉంటుంది. అందులో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పదివేల డిగ్రీలు దాటినా, అవి మరీ తేలిక కాబట్టి బరువైన హీలియం పరమాణువులను పెద్దగా వేడెక్కించలేవు. అందుకే మానని పుండ్ల మీద కూడా ఇలాంటి జెట్లు వాడుతున్నారు. ఆర్గాన్‌తో నడిచే ఒక పరికరానికి 2013లో ఐరోపాలో వైద్య పరికరంగా ఆమోదం దొరికింది.

నా బల్ల మీద నాబ్‌లు రెండు. ఒకటి వోల్టేజిది, రెండోది ఫ్రీక్వెన్సీది.

జెట్ కంటికి ఒకే ధారగా కనిపిస్తుంది. అతి వేగంగా ఫోటోలు తీసే కెమెరాతో చూస్తే అది ధార కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చే వెలుగు తూటాల వరస. ఒక్కో తూటా సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. వోల్టేజి పెంచితే తూటా వేగం పెరుగుతుంది, జెట్ పొడవవుతుంది. అదీ కొంతవరకే. బయట హీలియంలో గాలి ఎక్కువగా కలిసిపోయిన చోట తూటా ఆరిపోతుంది. ఇంకా పెంచితే స్పార్కు కొడుతుంది.

సెకనుకు ఎన్ని తూటాలు రావాలో చెప్పేది ఫ్రీక్వెన్సీ. ఒక్కో ఆవృత్తిలో ఖర్చయ్యే శక్తి మారకపోతే, 10 కిలోహెర్ట్జ్‌ను 20 చేసేసరికి పవర్ రెట్టింపవుతుంది. వాయువుకు చల్లబడే వ్యవధి తగ్గుతుంది. చూపుకు మాత్రం పెద్ద తేడా ఉండదు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకరోజు వైద్యులు మా ప్రయోగశాల చూడటానికి వస్తున్నారు. జెట్ పొడుగ్గా కనిపించాలని వోల్టేజి పెంచాను. ఒక హద్దు దాటాక పెరగలేదు. ఫ్రీక్వెన్సీ నాబ్ కూడా తిప్పాను. అలవాటు కొద్దీ వేలు పెట్టాను. చర్మం కాలి బొబ్బలెక్కింది.

కారణం తర్వాత తెలిసింది. మా ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక అనునాద ఫ్రీక్వెన్సీ ఉంది. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తే ఎత్తుకు పోయినట్టు, ఆ ఫ్రీక్వెన్సీకి దగ్గరైన కొద్దీ వోల్టేజి దానంతటదే పెరుగుతుంది. ఒక్క నాబ్ తిప్పాననుకున్నాను, లోపల రెండూ మారాయి. జెట్ దగ్గర ప్రోబ్ పెట్టి అసలు వోల్టేజి కొలవలేదు. నా నోటుపుస్తకం తిరగేస్తే మూడు నెలల రీడింగుల పక్కనా నాబ్ మీది అంకెలే ఉన్నాయి. అన్నీ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. వేలి నొప్పి వారంలో తగ్గింది. ఆ వేలి స్థానంలో ఒక రోగి పుండు ఉండి ఉంటే అన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

తొమ్మిదో తరగతిలో లోలకం ప్రయోగానికి మన సైన్సు మాస్టారు నాకు సున్నా వేశారు. జవాబు సరైనదే. కానీ తాడు పొడవూ గుండూ రెండూ ఒకేసారి మార్చాను. "ఏది మార్చావో నీకే తెలియనప్పుడు, ఏం తెలుసుకున్నట్టురా?" అన్నారు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు మా ప్రయోగశాలకు వచ్చే ప్రతి కుర్రాడికీ ముందుగా ఆ ప్రశ్నే వేస్తున్నాను. ఆ తర్వాతే ప్రోబ్ చేతికిస్తాను.

మాస్టారూ, ఆ సున్నా నాకు న్యాయంగా వచ్చిందే. ఈ మాట మీ ముందు ఒప్పుకోవడానికే వచ్చాను. సెలవు.