వైద్యవిద్యకు తొలిమెట్టు



మన రెంటచింతలలో ఎండలు మండు దినములలోనే పదవ తరగతి ఫలితములు వెలువడును. అప్పుడు తీసికొను నిర్ణయము బిడ్డ భవిష్యత్తును మలచును. వైద్యవృత్తి కోరు బాలబాలికలు ఇంటర్మీడియటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదువవలయును. గణితము చేపట్టినవారు పిదప జీవశాస్త్రమును అదనపు విషయముగా ఉత్తీర్ణులై అర్హత పొందవచ్చునని 2023లో జాతీయ వైద్య కమిషను ప్రకటించినది. కాని అందుకు కాలము వ్యయమగును.

ఎంసెట్ నాడు ఇంటర్ మార్కులకు నూటికి 25 పాళ్ల విలువ యుండెడిది. 2017 నుండి మన రాష్ట్రమున నీట్ ర్యాంకే ప్రధానము. బి.యస్సీ.లో మార్కులెన్ని వచ్చినను అవి ర్యాంకును పెంచవు. అట్లని ఇంటర్ చదువును ఉపేక్షింపరాదు. ఆ మూడు శాస్త్రములలో ఉత్తీర్ణులు కానిదే, ర్యాంకు వచ్చినను ప్రవేశము లేదు. నీట్ పరీక్షలో 720 మార్కులకు 360 జీవశాస్త్రమునకే. ప్రశ్నాపత్రము తెలుగునను లభించును.

తల్లిదండ్రులారా! పొరుగింటి పిల్లలను చూచి గ్రూపు నిర్ణయింపకుడు. మీ బిడ్డ తనంత తానుగా ఏ పుస్తకమును తెరచుచున్నదో గమనింపుడు. అందుకు రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయపు బల్లకంటె తగిన చోటు లేదు.