లంబసింగిలో పడేది స్నోనా? మరి మన దగ్గర పడే ఐస్ ఏంటి?

పోయిన వారం మా బాబాయ్ కొడుకు ఒక వీడియో పంపాడు. తెల్లగా మెరిసే గడ్డి, మీద "లంబసింగిలో స్నో" అని క్యాప్షన్. "అన్నా, రాత్రికే బైకుల మీద పోదాం, భద్రాచలం, చింతూరు దాటేస్తే చాలు" అంటాడు. అడవి, ఘాట్ రోడ్డు, పొగమంచు... స్నో కోసం! అందుకే ఈ ఎపిసోడ్.

అసలు చిక్కంతా మాటతోనే. మా నాయనమ్మ "మంచు పడతాంది, తలకి గుడ్డ కట్టుకో" అనేది. మనకి పొగమంచైనా, స్నో అయినా అన్నీ మంచే. లంబసింగి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. గాలి 2, 3 డిగ్రీలున్నా గడ్డిపరక 0 కిందకి జారిపోతుంది. గాలిలో తేమ దాని మీదే గడ్డకడుతుంది. అది ఫ్రాస్ట్. పైనుంచి ఏమీ పడలేదు.

స్నోకి మబ్బు కావాలి. మబ్బులో మైనస్ 15 దగ్గర రేకులు బాగా పెరుగుతాయి. కింద గాలి కూడా 0 నుంచి 2 డిగ్రీల్లో, లేదా అంతకన్నా చల్లగా ఉండాలి. గాలి పొడిగా ఉంటే ఇంకొంచెం ఎక్కువున్నా పర్లేదు, కుండలో నీళ్లు చల్లబడ్డట్టు రేకు తనని తానే చల్లబరుచుకుంటుంది.

మనకి చలి, మబ్బు ఒకే రాత్రి రావు. డిసెంబర్‌లో ముసురు పట్టిన రాత్రి గమనించండి, దుప్పటి తన్నేస్తాం. మబ్బే నేలకి దుప్పటి మరి!

ఇంకో విషయం. వానాకాలంలో ఖమ్మం మీద దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తులో 0 డిగ్రీలుంటుంది. ఆ పైన స్నో తయారవుతూనే ఉంటుంది. సెకనుకి మీటరు చొప్పున మెల్లగా దిగుతూ, దారిలోనే కరిగి మనకి వానయిపోతుంది.

మరి ఎండాకాలం రాళ్లవాన? ఎండకి వేడెక్కిన గాలి జోరుగా పైకి లేస్తుంది. నీటి చుక్కల్ని పైకి తోసి, పొర మీద పొర గడ్డకట్టిస్తుంది. బరువెక్కిన రాయి సెకనుకి 10, 20 మీటర్ల వేగంతో పడుతుంది, పూర్తిగా కరిగే టైమే ఉండదు. నిరుడు మార్చిలో మా కల్లంలో మిర్చి మీద ఇదే పడింది. పట్టా కప్పేలోపే అయిపోయింది. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. నేనప్పుడు ఫోన్‌లో రీల్స్ చూస్తున్నా. వాతావరణ శాఖ హెచ్చరిక పొద్దున్నే వచ్చిందని తర్వాత చూశా.

తమ్ముడు మాత్రం వెళ్తానంటున్నాడు. పగలే వెళ్లి, రాత్రి అక్కడే పడుకుని, ఎండ రాకముందే లేవమన్నా. ఎండ తగిలితే ఆ తెలుపు అరగంట కూడా ఆగదు.

మీ ఊళ్లో రాళ్లవానని ఏమంటారో కామెంట్ పెట్టండి. ఉంటా!