ఊరి డాక్టరుకు మనసు వైద్యపు చదువు
(మహానందిలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠం)



ప్రతి యేటా మన సంఘం చదువుకునే పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది. ఈ యేడు అందులో ఒక భాగం, ఇప్పటికే ప్రాక్టీసు చేస్తున్న ఒక డాక్టరు పైచదువుకు ఇవ్వమని మేము అడగబోతున్నాము. సంపాదించుకునే డాక్టరుకు మన సాయమెందుకని కొందరంటారు. ఎందుకో చెప్పనివ్వండి.

మహానంది చుట్టుపక్కల పల్లెల్లో నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా మనవాళ్ళు మొదట పోయేది దగ్గరి డాక్టరు వద్దకు, లేదంటే దర్గాకు. "దిల్ ఘబ్రారా బేటా" అంటుంది ఇంట్లో నానీ. డాక్టరు బి.పి. చూస్తాడు, ఇ.సి.జి. తీయిస్తాడు, అంతా బాగుందని ఒక బి-కాంప్లెక్సు సూది వేసి పంపుతాడు. పదిరోజులకు మళ్ళీ అదే బాధ. ఇందుకు డాక్టరును నిందించి లాభం లేదు. ఎం.బి.బి.ఎస్. చదువులో మానసిక వైద్యపు వార్డులో గడపవలసిన కాలం చాలా ఏళ్ళపాటు రెండే వారాలు. దానికి వేరే పరీక్ష కూడా లేదు. పరీక్ష లేని పాఠాన్ని ఎంతమంది చదువుతారో మీకు తెలియనిది గాదు.

2015-16లో దేశంలోని 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో ఉన్నారనీ, చాలా జబ్బులలో నూటికి 70 మందికి పైగా వైద్యమే అందడం లేదనీ తేలింది. లక్ష మందికి ఒక స్పెషలిస్టు కూడా లేని దేశం మనది. అందరికీ స్పెషలిస్టు దొరికేదాకా కాచుకుంటే మన మనవళ్ళ కాలం కూడా చాలదు.

దారి మనకు పక్కనే దొరికింది. బళ్ళారి జిల్లా పరాయిది గాదు, 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు దానిలోవే. 1980లలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కొద్దివారాల తర్ఫీదు ఇచ్చి, మందులు కేంద్రంలోనే దొరికేటట్లు చేసి, ఫిట్స్‌కూ, మతి చలించినవారికీ, దిగులు జబ్బుకూ అక్కడే వైద్యం చేయించినారు. దాన్ని చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలైంది. అందులో అప్పటి మన రాష్ట్రపు మెదక్ ఒకటి.

ఆ చదువులో డాక్టరు నేర్చుకునేదేమిటి? మొదట అడగడం. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని డాక్టర్లు కూడా జంకుతారు. అది వట్టి భయం. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, మనసులో దాచుకున్నది బయటికొస్తుంది. పురుగుమందు డబ్బా ఇంటి మూలనే ఉండే మన రైతుల ఇళ్ళల్లో ఈ ఒక్క ప్రశ్న విలువ మీరే ఊహించండి. ఇక మందుల సంగతి. దిగులు జబ్బు మందు పని చూపించేందుకు రెండు మూడు వారాలైనా పడుతుంది, బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఈ మాట ముందే చెప్పకపోతే నాలుగో రోజున మాత్రలు చెత్తబుట్టలో పడతాయి.

ఎం.డి. మానసిక వైద్యం మూడేళ్ళ చదువు. అది చదివినవారు మనకు కావలసిందే, కాని చదివి ఈ పక్కకు తిరిగి వచ్చేవారు అరుదు. ప్రాక్టీసు మూసుకొని మూడేళ్ళు పోయే స్తోమత ఇక్కడి డాక్టరుకు ఉండదు. నిమ్‌హాన్స్ 2018లో డిజిటల్ అకాడమీ ప్రారంభించింది. ఇక్కడే ఉండి రోగులను చూసుకుంటూ దానిలో శిక్షణ పొందవచ్చును. అంతటితో ఆయన స్పెషలిస్టు అయిపోడు, ఆ భ్రమ వద్దు. కష్టమైన కేసులను కర్నూలు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి పంపవలసిందే. తర్ఫీదు అయినాక అడిగి చెప్పించుకునే పెద్ద డాక్టరు తోడు లేకపోతే నేర్చినది ఏడాదిలో మరుగున పడుతుంది. కనుక మన డబ్బు ఫీజుకే గాక, నెలకొకసారి కర్నూలుకు పోయిరావడానికీ, ఆ రోజు క్లినిక్కులో కూర్చునే మరో డాక్టరుకూ సరిపోవాలి.

దర్గాల మాట తీస్తే కొందరికి కోపం వస్తుంది. తాయెత్తు కట్టించుకున్నవారిని మేము ఎగతాళి చేయము. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ప్రైవేటు షెడ్డులో గొలుసులతో కట్టివేసిన రోగులు 28 మంది కాలి చనిపోయినారు. 2017 చట్టం ఇట్లా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. గుజరాతులో ఉనావాలోని మీరా దాతార్ దర్గా వద్ద 2008 ప్రాంతం నుంచి దువాతోపాటు దవా కూడా ఇస్తున్నారు. ముజావరులే రోగిని డాక్టరు దగ్గరికి పంపుతారు. ఇది కొత్త సంగతీ గాదు. 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహపు జబ్బుల పక్కనే మనసు జబ్బులనూ చేర్చి గ్రంథం రాసినవాడు. మన పల్లెల్లో డాక్టరు చదువుకుంటే, ముజావరు గారికి పంపేందుకు ఒక తలుపు ఉంటుంది. ఇప్పుడది లేదు.

ఆడవారి గురించి ఒకమాట. కాన్పు తర్వాత బిడ్డను దగ్గరికి తీసుకోక ఏడుస్తూ కూర్చున్న కోడలిని "గాలి సోకింది" అంటున్నాము. ఆమెతో దక్కనీలోనో తెలుగులోనో మాట్లాడగల లేడీ డాక్టరు ఎవరైనా ముందుకొస్తే మొదటి సాయం ఆమెకే దక్కాలని మా అభిప్రాయం. తీర్మానం ఈ మధ్యాహ్నం సభ ముందుకు వస్తుంది. అంతదాకా ఆగలేని ఇల్లు ఏదైనా ఉంటే, టెలీమానస్ నంబరు 14416 రాసుకోండి, 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టింది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. డాక్టర్ల పేర్లు ప్రతిపాదించేవారు మగ్రిబ్ నమాజు తర్వాత కార్యదర్శిగారిని కలవవచ్చును.