గ్రాంటా: ఒక విద్యార్థి పత్రిక చరిత్ర

(సరిహద్దు ప్రాంత తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగులో గోడపత్రిక పెడదామంటే “నాలుగు సంచికలకే ఆగిపోతుంది, ఎందుకు?” అని మీలో కొందరు అడిగారు. అందుకే ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టిన ఒక పత్రిక కథ చెబుతాను.

అక్కడ పారే కామ్ నదికి పాత పేరు గ్రాంటా. 1889లో విద్యార్థులు ఆ పేరుతోనే పత్రిక ప్రారంభించారు. అందులో మహాకావ్యాలేమీ లేవు. విశ్వవిద్యాలయ రాజకీయాలు, చమత్కారాలు, ఎత్తిపొడుపులు, కొంత కవిత్వం. 1902లో దాని సంపాదకుడు గణితం చదువుతున్న ఎ.ఎ. మిల్న్. పిల్లలకు ‘విన్నీ ద పూ’ ఇచ్చిన మిల్న్ ఆయనే. 1954లో టెడ్ హ్యూస్ తన పేరు దాచుకుని, డేనియల్ హియరింగ్ అనే మారుపేరుతో ఇందులో ఒక పద్యం అచ్చువేయించుకున్నాడు. బెరుకుతో రాసేవాడికి చోటివ్వడమే విద్యార్థి పత్రిక అసలు పని అని నా అభిప్రాయం.

మన చిత్తూరు ప్రాంతపు కట్టమంచి రామలింగారెడ్డిగారు కూడా ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో కేంబ్రిడ్జిలోనే చదివారు. అంతకుముందే, 1899లో, మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా అక్కడి ఆంధ్ర భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీకి ‘ముసలమ్మ మరణము’ రాశారు. నవ్యకవిత్వ చరిత్రలో పేరు నిలిచిన కావ్యం ఒక విద్యార్థి పోటీలో పుట్టింది, అదీ మద్రాసులో!

గ్రాంటాకూ కష్టకాలం వచ్చింది. 1970లలో డబ్బు లేదు, విద్యార్థులకు ఆసక్తీ తగ్గింది. ఆ పత్రికను 1979లో బిల్ బ్యూఫర్డ్, పీటర్ డి బొల్లా తదితర పరిశోధక విద్యార్థులు కొత్త సాహిత్యానికి వేదికగా పునరుద్ధరించారు. 1983లో ఇరవైమంది యువ బ్రిటిష్ నవలాకారులను ఎంచి ప్రచురించిన సంచికలో రష్దీ, ఇషిగురో ఉన్నారు. 1997లో భారత స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి ప్రత్యేక సంచిక తెచ్చింది. కీర్తి పెరిగింది, కానీ అది విద్యార్థుల పత్రికగా మిగలలేదు. ఆ లాభనష్టాలు రెండూ నాకు కనిపిస్తాయి.

మన సంగతి వేరు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. ఆ వరస 2016 నాటికి పదో తరగతి పరీక్షను చేరింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడా తెలుగులో ఒక వాక్యం రాయలేని పిల్లలు కళాశాలకు వస్తున్నారు. వారికి పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. పోనీ, రాసింది చదివేవారైనా ఉండాలి కదా! వారి అక్షరదోషాలు దిద్ది అచ్చువేసే చోటు మీ పత్రికే కావాలి.

కనుక నాదొక సూచన. తొలి సంచిక చేతిరాతతోనే రానివ్వండి. సంపాదకులు చివరి సంవత్సరం వారే కాకూడదు. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరిని వెంట ఉంచుకోండి. కళాశాల విడిచేనాడు చందాల పుస్తకం, రచనల కట్ట, సంతకం చేసిన లెక్క ఆ విద్యార్థి చేతికివ్వండి.