తగ్గిందని చెప్పేటప్పుడు

పట్టా పుచ్చుకుంటున్న డాక్టర్లారా, మీకు అభినందనలు.

1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల మొదలైంది. మనం ఉస్మానియా మెడికల్ కాలేజీ అని పిలుచుకునేది దాన్నే. అదే ఏడాది జనవరి ఒకటో తేదీన లండన్‌లో థామస్ అలెగ్జాండర్ మెక్‌బీన్ అనే కిరాణా వ్యాపారి ఎముకల నొప్పులతో తీసుకుని తీసుకుని కన్నుమూశాడు. అతని మూత్రంలో వేడి చేస్తే కరిగి, చల్లారితే మళ్లీ గడ్డకట్టే వింత పదార్థం కనబడింది. అదేమిటో తేల్చమని అతని వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు. ఆ పేరు మీరంతా పరీక్షల్లో రాశారు.

పరీక్షల్లో ఎవరూ అడగని సంగతి ఒకటుంది. మధ్యలో మెక్‌బీన్ కోలుకున్నాడు. ఇనుము, క్వినైన్ ఇచ్చారు. 1845 వేసవిలో స్కాట్లాండ్ సముద్రతీరానికి వెళ్లి తోటివాళ్లతో సమానంగా గుట్టలెక్కాడు. చలి మొదలయ్యేసరికి నొప్పి తిరిగి వచ్చింది, మంచం పట్టాడు. మల్టిపుల్ మైలోమా అని మనం పిలిచే ఈ జబ్బు గురించి వైద్యగ్రంథాలకు ఎక్కిన తొలి రోగుల్లో ఒకరి కథలోనే తగ్గడమూ ఉంది, తిరగబెట్టడమూ ఉంది. ఇవాళ ఆ రెండు మాటల గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

పాతబస్తీలో నా దగ్గరకు వచ్చిన ఒక మనిషి గురించి చెబుతాను. లాడ్ బజార్‌కు లక్కగాజులు చేసి ఇచ్చేవాడు. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కను మెత్తబరచడం, తీగలా సాగదీయడం, గుండ్రంగా చుట్టి ఒక్కొక్క రాయీ పొదగడం ఆయన పని. రోజుకు పది గంటలు వంగి కూర్చునేవాడికి నడుం నొప్పి రాక ఏం వస్తుంది? ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు, ఆయనా అదే అనుకున్నాడు. ఎనిమిది నెలలు మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగాడు. ఒకచోట కట్టు కట్టించుకున్నాడు. నా దగ్గరకు వచ్చేనాటికి హిమోగ్లోబిన్ 7, క్రియాటినిన్ 2.4, వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది. జబ్బు కొంత, బిళ్లలు కొంత కలిసి మూత్రపిండాలను దెబ్బతీశాయి. యాభై దాటిన మనిషి తగ్గని నడుం నొప్పి, రక్తహీనత కలిపి చెప్పుకుంటే ఇంకో నొప్పి బిళ్ల రాయకండి. ముందు రక్తంలో ప్రొటీన్ ఎలెక్ట్రోఫొరెసిస్ చేయించండి.

ఆయనది మైలోమానే. ఎం ప్రొటీన్ డెసిలీటరుకు 4.2 గ్రాములు. వారానికోసారి పొట్ట చర్మం కింద బోర్టెజొమిబ్ ఇంజెక్షన్, ఇరవైఒక్క రోజులు లెనలిడొమైడ్ వేసుకుని ఏడు రోజులు విరామం, వారానికోసారి డెక్సామెథసోన్. నాలుగు నెలల్లో 4.2 కాస్తా 0.3కు దిగింది. తొంభై శాతం పైగా తగ్గితే చాలా మంచి స్పందన అని మన లెక్క. ఆయన ఆ కాగితం చేతిలో పట్టుకుని, "డాక్టర్ సాబ్, తగ్గిపోయిందా?" అని అడిగాడు. నాకూ సంతోషంగా ఉంది. "తగ్గిపోయింది" అన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పు అదే. అన్న మాట అబద్ధం కాదు, కానీ అది సగం మాట. మూలకణ మార్పిడికి ఆయన ఒప్పుకోలేదు. లెనలిడొమైడ్ క్యాప్సూల్ మానొద్దని చీటీలో రాశాను, నోటితో గట్టిగా చెప్పలేదు. తగ్గిపోయిన జబ్బుకు మందెందుకని ఆయన మానేశాడు. వచ్చే తేదీకి రాలేదు. మేమూ పిలవలేదు. పద్నాలుగు నెలల తరువాత గాజుల ట్రే ఎత్తబోయి భుజం కింద ఎముక పుటుక్కున విరిగితే ఆటోలో తీసుకొచ్చారు.

ఈ జబ్బు ఎందుకు తిరగబెడుతుందో రోగికి చెప్పడానికి నేను ఇప్పుడు గరిక మాట వాడుతున్నాను. ఎండాకాలంలో గరిక చచ్చినట్టే కనిపిస్తుంది. తొలకరి పడగానే లేస్తుంది. మూలుగలో మిగిలిన ప్లాస్మా కణాలూ అంతే. పైగా అవన్నీ ఒకే రకం కావు. మందుకు లొంగేవి చచ్చిపోతాయి, లొంగనివి నెమ్మదిగా సంతానం పెంచుకుంటాయి. ఇవాళ లక్ష కణాల్లో ఒక్కటి మిగిలినా పట్టుకునే పరీక్షలు వచ్చాయి. అందులో ఏమీ కనబడకపోతే మంచి కబురే. అయినా సూది తీసిన చోట లేనిది పక్క ఎముకలో ఉండొచ్చు.

ఎంత తగ్గిందన్నది ఒక లెక్క, ఎంతకాలం నిలుస్తుందన్నది ఇంకో లెక్క. 17వ క్రోమోజోమ్ పొట్టిచేయి పోయినవాళ్లలో, 4, 14 క్రోమోజోముల ముక్కలు తారుమారైనవాళ్లలో మొదటి స్పందన చూడముచ్చటగా ఉండి కూడా త్వరగా చేజారవచ్చు. ఎం ప్రొటీన్ ఎన్నడూ సున్నాకు రాకుండా చిన్న అంకె దగ్గర ఏళ్ల తరబడి కదలకుండా నిలిచినవాళ్లనూ నేను చూశాను. అందుకే చికిత్స మొదలుపెట్టేముందే ఫిష్ పరీక్షకు మూలుగ పంపండి. ఎల్‌డీహెచ్, బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ చూడండి. మందు పనిచేశాక ఆ నమూనా మళ్లీ దొరకదు. ఆ రిపోర్టు ఎంత బాగున్నా, చికిత్స మొదలైన ఏడాది, ఏడాదిన్నరలోపే తిరగబెట్టిందంటే దాన్ని గట్టి జబ్బుగానే చూడండి.

అలాగని అంకె కాస్త కదలగానే హడలిపోవద్దు, రోగిని హడలగొట్టొద్దు. 0.3 ఉన్నది 0.4 అయితే అది తిరగబెట్టడం కాదు. అన్నిటికన్నా తక్కువగా ఉన్న అంకె మీద కనీసం పాతిక శాతం, అదీ అర గ్రాముకు తగ్గకుండా పెరగాలి. ఒకే ల్యాబులో, మళ్లీ చేయించి చూడాలి. నెమ్మదిగా పాకే అంకెను కొన్నాళ్లు కనిపెట్టి ఉండొచ్చు. రెండు నెలల్లో రెట్టింపయ్యేదాన్ని ఉపేక్షించకూడదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఇక్కడ తలచుకోవాలి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. పదహారు మందిలో పది మందికి గుణం కనబడింది. అంతకుముందు ఆ పిల్లలకు ఇవ్వడానికి మందే లేదు. అంత పెద్ద విజయాన్ని 1948 జూన్‌లో ప్రకటిస్తూ కూడా, వ్యాసం పేరులోనే 'తాత్కాలిక' అన్న మాట పెట్టారు. ఆ పిల్లలకు జబ్బు తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కూడా వెళ్లిపోయారు. తాత్కాలికమని ఒప్పుకున్నారు కాబట్టే తరువాతివాళ్లు మందుకు మందు జోడించారు, ఏళ్ల తరబడి కొనసాగించారు. ఇవాళ పిల్లల్లో ఆ క్యాన్సర్ చాలామందికి నయమవుతోంది. మైలోమా ఇంకా అక్కడికి చేరలేదు. కానీ దారి అదే. ఒకప్పుడు గర్భంలోని శిశువులను వికలాంగులను చేసి బజారు నుంచి వెళ్లిపోయిన థాలిడొమైడ్ 1999లో మైలోమాకు మందుగా తిరిగి వచ్చింది. దాని సంతతి లెనలిడొమైడ్. మన హైదరాబాదు కంపెనీ నాట్కో చేసిన జెనరిక్ 2022లో అమెరికా మార్కెట్టుకే వెళ్లింది. మందు మన దగ్గరే తయారవుతోంది. పాతబస్తీ గల్లీలో ఉన్న మనిషి దాన్ని మానకుండా చూడడం మన వంతు.

దానికి రోగి బతుకు తెలియాలి. రంజాన్ దగ్గరపడితే మీరే అడగండి, "రోజా ఉంటున్నారా?" అని. అడగకపోతే చెప్పరు. మూత్రపిండాలు దెబ్బతిన్న మైలోమా రోగి రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి. పగలంతా నీళ్లు లేకుండా ఉంటే ఏమవుతుందో ఆయనకు తెలియదు, మీకు తెలుసు. జబ్బుపడినవాడికి మతమే మినహాయింపు ఇచ్చింది. ఆ మాట ఆయన గౌరవించే పెద్దమనిషితో కూడా చెప్పించండి. డెక్సామెథసోన్ వేసుకున్న రోజు చక్కెర పెరుగుతుందని ముందే హెచ్చరించండి. అరికాళ్లలో తిమ్మిరి, మంట ఉందా అని ప్రతిసారీ అడగండి. ఇంజెక్షన్ మాన్పిస్తారన్న భయంతో దాచిపెడతారు.

గాజులాయన మళ్లీ చికిత్సకు లొంగాడు, మొదటిసారి అంత కాదు. రిపోర్టు తీసుకుని మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి కుర్చీ దగ్గరకు లాక్కుని, భార్యను, కొడుకును కూడా కూర్చోబెట్టి చెప్పాను: "తగ్గింది. నాకూ సంతోషంగా ఉంది. ఇది మళ్లీ తలెత్తే జబ్బు. మందు నడుస్తూ ఉండాలి, మీరు నెలనెలా వస్తూ ఉండాలి. తలెత్తితే ఇంకో మందు ఉంది." ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు, "ఈ మాట అప్పుడే చెప్తే బాగుండేది కదా, సాబ్."

మీరు రేపటినుంచి ఏ ఆస్పత్రిలో కూర్చున్నా, నయాపుల్ దాటి వచ్చే మనిషైనా, నల్లగొండ బస్సు దిగి వచ్చే మనిషైనా, చీటీ మీద వచ్చే తేదీ రాయండి, పక్కన ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కూడా రాసుకోండి. ఆ తేదీన మనిషి రాకపోతే, సాయంత్రం ఓపీ ముగిశాక మీరే ఫోన్ చేయండి.