లంకల గన్నవరపు అన్నదానము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామములలో విద్యకును పేదలకును ఆధారమైన ధర్మములను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. అన్నిటిని ఏకరువు పెట్టుట నా శక్తికి మించిన పని. కోనసీమలోని ఒక యింటి కథ మాత్రము చెప్పెదను.

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. వచ్చినవారి కెల్ల అన్నము పెట్టుటచే వారి తండ్రిగారిని ఊరివారు ‘బువ్వన్న’ అని పిలిచెడివారట. లంకల గన్నవరము కాపురస్థులగు డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆమె గోదావరి లంకలకు వచ్చిరి. ఆ యూరి ఉనికిని గమనింపవలెను. వైనతేయపాయ ప్రక్కన నున్నది. పడవలే గతియైన కాలమున బాటసారి ఏ వేళకు గట్టు చేరునో ఎవరెరుగుదురు? అట్టి చోట వేళగాని వేళ పొయ్యి వెలిగించు ఇల్లు అతిథిధర్మము నెరపుటయే కాక, ప్రయాణమునకే ఊతమై నిలిచినది.

ఒకప్పు డామె అంతర్వేది స్వామి దర్శనమునకు బయలుదేరిరట. దారిలో ఆకలిగొన్న బాటసారులు, ‘ఇంక కొంతదూరమే, సీతమ్మగారి యింట భోజనము దొరకును’ అని పిల్లలను ఊరడించుట విని, దర్శనము మాని వెనుదిరిగి వంట ప్రారంభించిరని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమున ఆమె చిత్రపటము నుంచి గౌరవించిరనియు ప్రతీతి. నాకు మాత్రము చక్రవర్తి గౌరవముకంటె ఆ వెనుదిరుగుటయే ఘనముగా తోచును.

1909లో ఆమె పరమపదించిరి. ఆ ధర్మమునకు పెట్టుబడి కుటుంబపు భూమియు, ఆమె రెక్కల కష్టమును. కావున దాని ఆయుర్దాయము ఆమె ఆయుర్దాయమే. ఈ లోపమును తీర్చు మార్గము అప్పటికే చట్టమున నుండెను. 1890 నాటి ధర్మాదాయముల చట్టము పేదల పోషణను, విద్యను ధర్మకార్యములుగా పేర్కొని, ఆస్తిని కోశాధికారి పేర నిక్షేపించు వీలు కల్పించినది. దస్త్రములతో కాలము గడుపు మనబోంట్లకు ఇది తెలిసినదే. ఊళ్లలోని దాతలకు తెలియుట అరుదు.

బడిపిల్లల అన్నము విషయమున ప్రభుత్వమే పూనుకొనినది. వండిన భోజనము పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించెను. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో అది అమలునకు వచ్చెను. 2024లో ఆ పథకమునకు సీతమ్మగారి పేరే పెట్టిరి. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకును విస్తరించిరి. ప్రాథమిక తరగతుల బాలునికి నూరు గ్రాముల బియ్యము, పై తరగతులవానికి నూటయేబది అని కొలత. కొలత లేనిదే లక్షలమందికి వండుట సాధ్యము కాదు. దానిని నేను తప్పుపట్టను. అయినను సీతమ్మగారి పంక్తిలో ఇంకొక ముద్ద అడిగినవానికి లేదనుట యుండెడిది కాదు. పేరు నిలిచినది, ఆ ‘ఇంకొక ముద్ద’ నిలిచినదా యనునది ఏ లెక్కలలోను కానరాదు. పోయి చూడవలసినదే.

మన సంఘనిధిని స్వగ్రామముల బడులకు వినియోగింపవలెనని కొందరు మిత్రులు కోరుచున్నారు. సొమ్ము పంపుటకు ముందు ఒక విన్నపము. సెలవులకు ఊరు వెళ్లినపుడు ఒకనాడు పంతులుగారి అనుమతితో పిల్లల పంక్తిలో కూర్చుండి భుజించి రండు. త్రాగునీరు, పాత్రలు, వంటపాక ఎట్లున్నవో వ్రాసికొని తెండు. నిధి దేనికి అవసరమో అప్పుడు కార్యవర్గములో నిర్ణయింతము.